కొరికిన వారికే కోడిగుడ్డు

శిశు సంక్షేమ శాఖ కమిషనరు గారి ఇంట్లో మనవడి పళ్ళ చప్పుడు ఆగిపోయిన నాలుగో రోజున, రాష్ట్రంలో అంగన్‌వాడీ పిల్లలందరికీ గుడ్డు ఆగిపోయింది. ఈ రెండింటికీ ఉన్న సంబంధం దుక్కలవలస అంగన్‌వాడీ టీచరు సన్యాసమ్మకు అర్థం కావడానికి మూడు మీటింగులు పట్టింది. అర్థమయ్యాక, అర్థం కాకుండా ఉంటేనే బాగుండేదనిపించింది.

సంగతేమిటంటే, ఆ మనవడికి నాలుగేళ్ళు. సెలవులకని తాతగారింటికి వచ్చి, కన్ను మూతపడితే చాలు, పక్క గదిలోకి వినపడేలా పళ్ళు కొరికేవాడు. ఇంటి డాక్టరు చూసి, ఈ వయసులో చాలామంది పిల్లలు కొరుకుతారు, పెరిగేకొద్దీ వాళ్ళంతట వాళ్ళే మానేస్తుంటారు, కంగారు పడాల్సిన పని లేదన్నాడు. కంగారు పడకుండా కూర్చునే మనిషైతే ఆయన కమిషనరు ఎందుకవుతారు. రెండు ఆదివారాలు కంప్యూటరు ముందు కూర్చుని, ఇదంతా మెగ్నీషియమూ విటమిన్లూ తక్కువైన లక్షణమని తేల్చేశారు. మనవడికి రోజూ ఉడకబెట్టిన గుడ్డు, గ్లాసు పాలు, అరటిపండు, తోటకూర వేపుడు, నువ్వుండ మొదలయ్యాయి. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో పళ్ళ చప్పుడు ఆగిపోయింది. అదే వారం కుర్రాడి సెలవులు కూడా అయిపోయి అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళిపోయాడని, అక్కడ కొరుకుతున్నాడో లేదో ఎవరూ కనుక్కోలేదని ఆఫీసు డ్రైవరు తర్వాత టీ కొట్టు దగ్గర చెప్పాడు.

డ్రైవరు మాట ఫైల్లోకి ఎక్కదు కదా. ఫైల్లోకి ఎక్కింది వేరు. "బాలల దంత ఘర్షణ నిర్మూలన మరియు పోషక శాంతి పథకం" అనే పేరుతో పదకొండు పేజీల సర్క్యులరు బయల్దేరింది. ఇంతవరకు పిల్లలందరికీ విచక్షణారహితంగా పంపిణీ అవుతున్న గుడ్లను, పాలను, అరటిపండ్లను ఇకమీదట శాస్త్రీయ పద్ధతిలో, ఘర్షణ నిర్ధారణ అయిన బాలలకు మాత్రమే అందజేయవలెనని, ఘర్షణ లేని వారిని ప్రశాంత బాలలుగా నమోదు చేసి, చప్పట్లతో అభినందించవలెనని అందులో ఉంది.

మండలాఫీసు హాల్లో ఆ సర్క్యులరును సూపర్‌వైజరు హైమావతి మేడం చదివి వినిపించింది. మేడం చెడ్డ మనిషి కాదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆవిడ పైనుంచి వచ్చిన ఏ కాగితాన్నీ నమ్మలేదు, ఏ కాగితాన్నీ కాదనలేదు. చదవడం అయ్యాక సన్యాసమ్మ లేచి నిలబడి, మరి కొరకని పిల్లలకి గుడ్డు ఉండదా అని అడిగింది.

"ఎందుకుండదమ్మా, కొరికితే ఉంటుంది," అంది మేడం.

"వాళ్ళు కొరకరు కదండీ."

"కొరకడం లేదంటే ఆరోగ్యంగా ఉన్నట్టేగా. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి గుడ్డు దేనికి?"

ఈ మాటకి జవాబు సన్యాసమ్మకు తెలుసు. ఆ జవాబు పేరు ముత్యాలు. మూడున్నరేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ గున్నమ్మ జీడిపిక్కల బట్టీలో పిక్కలు కొట్టే పనికి పోతుంది. పిల్లను కేంద్రంలో చేర్చినప్పుడు బరువు చూస్తే, చార్టు మీద ఎర్ర పట్టీలో అడుగున తేలింది. ఆరు నెలలపాటు దగ్గర కూర్చోబెట్టుకుని, గుడ్డులో తెల్లది ముందు, పచ్చది తర్వాత తినిపించి, ఎరుపు నుంచి పసుపులోకి లాక్కొచ్చింది సన్యాసమ్మ. ఆకుపచ్చలోకి చేరడానికి ఇంకో కేజీ కావాలి. తన ఇద్దరు పిల్లలు పదో తరగతి పాసైనప్పుడు కూడా ఆవిడకి అంత సంతోషం కలగలేదు. ఆ పసుపు పట్టీ ఇప్పుడు చేజారిపోతుందేమోనని భయం పట్టుకుంది.

రెండో మీటింగుకి వెళ్ళేముందు కేంద్రంలో ఆయా పైడితల్లి ఈ పథకం సంగతంతా విని బుగ్గన వేలేసుకుంది. "పళ్ళు కొరికితే నులిపురుగులు గాదేటి టీచరమ్మా. మాయమ్మ వాము నీళ్ళు కాసి పట్టేసీది. దీనికి గుడ్డేటి, సర్కులరేటి?" అంది. సన్యాసమ్మ ఆ అనుమానాన్ని మీటింగులో పెట్టింది. నులిపురుగులు ఆరోగ్య శాఖ పరిధిలోకి వస్తాయని, పళ్ళు మాత్రమే మన శాఖకు కేటాయించారని, ఒకవేళ ఏ పిల్లలోనైనా పురుగులు గమనించినట్లయితే వాటిని గమనించనట్లుగా నమోదు చేయవలెనని మేడం చెప్పింది.

మూడో మీటింగులో ఫోన్లో యాప్ నేర్పారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలు పడుకున్నప్పుడు, ఒక్కొక్కరి చెంప పక్కన జానెడు దూరంలో ఫోను పెట్టాలి. ఆగకుండా పది సెకన్లు పళ్ళ చప్పుడు వినబడితే పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది. టిక్కు పడిన పిల్లకి మర్నాటి నుంచి గుడ్డు, పాలు, అరటిపండు. గుడ్డు తినేటప్పుడు ఫొటో తీయాలి. ఫొటోలో పిల్ల మొహమూ, కొరికిన గుడ్డూ రెండూ కనబడాలి. కొరకని గుడ్డుతో తీసిన ఫొటో చెల్లదు.

దుక్కలవలస కేంద్రంలో పిల్లలు పద్దెనిమిది మంది. మొదటి రోజు సన్యాసమ్మ మోకాళ్ళ మీద దేకుతూ పద్దెనిమిది చెంపల దగ్గరా ఫోను పెట్టింది. పదిహేడు మంది హాయిగా నిద్రపోతున్నారు. రైసుమిల్లు ఓనరు మనవడు లోహిత్ ఒక్కడే కరకరమని కొరికాడు. లోహిత్ బరువు ఆకుపచ్చ పట్టీ దాటి చార్టు బయటికి పోయే రకం. పైగా వాడికి గుడ్డు వాసన గిట్టదు. మర్నాటి నుంచి వాడు ఏడుస్తూ ఒక కొరుకు కొరకడం, సన్యాసమ్మ ఫొటో తీయడం, వాడు ఉమ్మేయడం, మిగిలిన గుడ్డును "తిరస్కృత పోషకం" అని చీటీ అంటించి డబ్బాలో దాచడం మొదలైంది. ముందు రోజు ప్రశాంత బాలలుగా చప్పట్లు కొట్టించుకున్న పదిహేడు మంది, పప్పన్నం కంచాలు ముందు పెట్టుకుని ఇదంతా చూస్తూ ఉండేవాళ్ళు. ముత్యాలు అయితే నోట్లో ముద్ద నమలడం కూడా మరిచిపోయి చూసేది.

వారం తిరగలేదు, సంగతి బోరింగు దగ్గర బయటపడింది. కొరికిన పిల్లకే గుడ్డట అని ఒకావిడ అంది. అయితే కొరకడం ఎంతసేపు, నేర్పితే సరి అని ఇంకొకావిడ అంది. ఆ సాయంత్రం నుంచి దుక్కలవలసలో అరుగు మీద కూర్చున్న ప్రతి నాయనమ్మా మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని కింది దవడ ఎలా జరపాలో చూపించసాగింది. పళ్ళూడిపోయిన ముసలమ్మలకు చూపించడం కష్టమైతే, కోడళ్ళను పిలిచి చూపించారు. మూడు రోజుల్లో పిల్లలు ఆరితేరిపోయారు. మధ్యాహ్నం చాపలు పరచగానే కళ్ళు గట్టిగా మూసుకుని, కనురెప్పలు అదురుతుండగా, ఒకేసారి మొదలుపెట్టేవాళ్ళు. ఇంట్లో తిరగలి మీద చోళ్ళు విసురుతున్నట్టు ఉండేది గది. పైడితల్లి చెవుల్లో దూది పెట్టుకుని గిన్నెలు తోముకునేది.

పదిహేడు మందికి టిక్కు పడింది. మిగిలింది ముత్యాలు.

ఆ పిల్లకు నేర్పక కాదు. గున్నమ్మ ఒక పూట పని మానుకుని మరీ వచ్చి కేంద్రం గుమ్మంలో కూర్చుని నేర్పింది. ముత్యాలు మెలకువగా ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా కొరికేది, కొరికి నవ్వేది. చాప మీద పడుకుని కళ్ళు మూసుకుంటే మాత్రం నిజంగానే నిద్రపోయేది. నిద్రపోతే నోరు తెరుచుకునేది. పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య వేలు దూరేంత సందు. చుట్టూ పదిహేడు మంది కరకరలాడిస్తుంటే మధ్యలో ఆ పిల్ల ఒక్కతీ ఒళ్ళెరక్కుండా పడుకునేది. మొత్తం కేంద్రంలో నిద్రపోయే నేరం చేసింది అదొక్కతే.

ఆ నెల బరువు చూస్తే మూడువందల గ్రాములు తగ్గింది. సన్యాసమ్మ మర్నాడు తన ఇంటి కోడి పెట్టిన గుడ్డు ఉడకబెట్టి, కొంగులో దాచి తెచ్చి ముత్యాలుకి పెట్టింది. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు మేడం తనిఖీకి వచ్చి, చెత్తబుట్ట బోర్లించి, పెంకులు ఏరి చూసి మెమో రాసింది. సదరు కేంద్రపు చెత్తబుట్టయందు అర్హతకు మించి ఒక గుడ్డు తాలూకు పెంకు లభ్యమైనదని, దీనిపై మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇచ్చుకోవలెనని అందులో ఉంది. సన్యాసమ్మ అది తన ఇంటి గుడ్డని చెప్పింది. మేడం తలపట్టుకుంది.

"ఇంటి గుడ్డయినా గుడ్డే కదా. నువ్వు గుడ్డు పెడుతున్నావు కాబట్టే ఆ పిల్ల కొరకడం లేదేమో, ఎవరు చెప్పొచ్చారు? నువ్వు పెట్టడం మానేస్తే కొరుకుతుంది. కొరికితే మనమే గుడ్డు పెడతాం."

మేడం ఈ మాట వెటకారంగా అనలేదు. మనసా వాచా సాయం చేద్దామనే అంది. అందుకే సన్యాసమ్మకు మరింత కడుపు మండింది.

పోనీ కేంద్రం బయట పెడదామని గుడ్డు పట్టుకుని గున్నమ్మ ఇంటికి వెళ్ళింది. గున్నమ్మ చేతులు జీడి రసానికి నల్లబడి ఉన్నాయి. ఆ చేతులతోనే గుడ్డు తిరిగి సన్యాసమ్మ చేతిలో పెట్టేసింది. "గవర్నమెంటు గుడ్డయితే నా గుంట తింటాది టీచరమ్మా, అది మా అందరికీ ఇచ్చీదే గదా. నీ ఇంటి గుడ్డు నీ పిల్లల నోటికాడిది. అది నాను పుచ్చుకోను," అంది. ఎంత బతిమాలినా వినలేదు. పేదరికం ఉన్నా పంతం ఉన్న మనిషి. సన్యాసమ్మ గుడ్డుతో ఇంటిదారి పట్టింది.

ఇక్కడ ఇలా ఉండగా పైన సంబరాలు మొదలయ్యాయి. పథకానికి ముందు రాష్ట్రంలో నూటికి అయిదుగురు పిల్లలు పళ్ళు కొరికేవాళ్ళట. పథకం వచ్చిన రెండు నెలలకు తొంభై నలుగురు కొరుకుతున్నారు. ఇంకొకరైతే భయపడిపోయేవారు. కమిషనరు గారు భయపడలేదు. ఇన్నాళ్ళూ సమాజంలో గుప్తంగా దాగి ఉన్న ఘర్షణను మన శాఖ వెలికితీసిందని ప్రకటించారు. వెలికితీతలో విశేష కృషి చేసినందుకు సన్యాసమ్మకు అట్టముక్క మీద అంటించిన ప్రశంసాపత్రం వచ్చింది. పైడితల్లి దాన్ని పాలగిన్నె మీద మూతగా వాడుకుంది.

వెలికితీశాక నిర్మూలించాలి. రెండో సర్క్యులరు దిగింది. ప్రతి కేంద్రంలోనూ నెలాఖరుకు సగం మంది శాంతించవలెను. శాంతించిన బాలలకు ధ్రువపత్రం ఇచ్చి, గుడ్డు నిలిపివేయవలెను. సన్యాసమ్మ తొమ్మిది మంది పిల్లల చేత చప్పుడు మాన్పించి, తొమ్మిది ధ్రువపత్రాలు రాసి ఇచ్చింది. మర్నాడు పొద్దున్నే తొమ్మిది మంది తల్లులు వచ్చి ధ్రువపత్రాలు బల్ల మీద పడేశారు. దీన్ని ఉడకబెట్టి పెట్టమంటావా అని అడిగిందొకావిడ. చివరికి సన్యాసమ్మే పంచాయితీ చేసి వంతులు వేసింది. ఈ వారం కిటికీ వైపు పడుకున్న వాళ్ళు కొరకాలి, గోడ వైపు వాళ్ళు శాంతించాలి. వచ్చే వారం గోడ వైపు వాళ్ళు కొరకాలి. అయిదేళ్ళ పిల్లలకు వారాలు గుర్తుండవు కాబట్టి, కొరికే వారం వాళ్ళ చేతికి ఎర్ర రిబ్బను కట్టింది. ముత్యాలుకి ఏ వారమూ రిబ్బను లేదు. నాకేదీ అని ఆ పిల్ల రోజూ చెయ్యి చాపేది.

అన్ని కేంద్రాల్లోనూ టీచర్లు ఇదే కిటుకు కనిపెట్టారో ఏమో, రాష్ట్రపు లెక్క వారం వారం సముద్రంలా లేచి పడటం మొదలుపెట్టింది. దీని మీద నిపుణుల సంఘం వేశారు. సంఘం నెలపాటు అధ్యయనం చేసి, చంద్రుడి ప్రభావం కొట్టిపారేయలేనిదని, అమావాస్య నాడు తోటకూర మోతాదు పెంచవలెనని నివేదిక ఇచ్చింది. అమావాస్య నాడు తోటకూర పెంచారు. అది కూడా కొరికిన వాళ్ళకే.

ఈ గొడవలో సన్యాసమ్మ ఒక సంగతి గమనించుకోలేదు. పైడితల్లి గమనించింది. "నువ్వేటి టీచరమ్మా, ఎప్పుడూ ఏదో నములుతుంటావు?" అని అడిగింది. ఏమీ నమలడం లేదంది సన్యాసమ్మ. కానీ చెవుల కింద దవడ నొప్పిగా ఉంటోంది. అన్నం మెత్తగా పిసుక్కుని తినాల్సి వస్తోంది. వయసు మీద పడుతోందనుకుంది. ముత్యాలు బరువు ఇంకో రెండువందలు తగ్గి పసుపు పట్టీ అంచు మీదికి వచ్చి ఆగింది. ఆ చార్టు చూసిన ప్రతిసారీ నొప్పి ఎక్కువయ్యేది.

అప్పుడు కమిషనరు గారే స్వయంగా దుక్కలవలస వస్తున్నారని కబురు వచ్చింది. ప్రశంసాపత్రం అందుకున్న కేంద్రం కదా. పొద్దున్న తొమ్మిదికి వస్తారన్నారు. మేడం వచ్చి అందర్నీ హడలగొట్టి, తొమ్మిది మంది కొరకాలి, తొమ్మిది మంది శాంతించి ఉండాలి, ఒక్కరు అటూ ఇటూ అయినా నీ ఉద్యోగం ఉండదని చెప్పింది. ఆ వారం వంతు ప్రకారం పదిహేడు మందిలో ఎనిమిది మందికి ధ్రువపత్రాలున్నాయి. తొమ్మిదో శాంతి పత్రం ముత్యాలు పేరు మీద రాసేశారు. ఎన్నడూ కొరకని పిల్ల కాగితం మీద కొరకడం మానేసింది.

పిల్లల చేతుల్లో బంతిపూల దండలు పెట్టి ఎండలో నిలబెట్టారు. తొమ్మిది పదయింది, పది పన్నెండయింది. కమిషనరు గారి కార్లు వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. వాడిపోయిన దండలు వేసి, పాట సగం పాడి, పిల్లలు లోపలికి వెళ్ళి చాపల మీద వాలారు. వాలీవాలగానే పద్దెనిమిది మందీ నిద్రపోయారు. రిబ్బన్లున్న వాళ్ళూ లేనివాళ్ళూ, లోహిత్‌తో సహా, అందరూ నిజమైన నిద్రే. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు.

సన్యాసమ్మ చూపు బల్ల మీదికి పోయింది. రిజిస్టరులో తొమ్మిది మంది కొరుకుతున్నట్టు రాసి ఉంది. ఒక్కరూ కొరకడం లేదంటే, ఆ గుడ్లన్నీ దొంగ గుడ్లని తేలుతుంది. తన ఉద్యోగం పోతే ఈ పిల్లల సంగతి చూసేదెవరు అనుకుంది. కమిషనరు గారి వెంట ఒక ఇంజనీరు రేడియోలాంటి పెట్టె పట్టుకొచ్చాడు. దాని పేరు ఘర్షణమాపిని. పెట్టె ఎటు తిప్పినప్పుడు ముల్లు లేస్తే అటు పళ్ళ చప్పుడు ఉన్నట్టు. ఇంజనీరు కిటికీ వైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పిల్ల మీదికీ పెట్టె వంచాడు. ముల్లు కదల్లేదు. మేడం మొహం పాలిపోయింది. గోడ వైపు వచ్చాడు. అక్కడా కదల్లేదు. చివరి చాప ముత్యాలుది. దాని మీదికి వంచగానే ముల్లు గిర్రున లేచి చివరికంటా పోయి వణుకుతూ నిలబడింది.

ఒక్క క్షణం సన్యాసమ్మ గుండె ఉప్పొంగిపోయింది. ఇన్ని నెలలకు కొరికిందా తల్లీ అనుకుంది. ఇంజనీరు టార్చి వేసి చూశాడు. ముత్యాలు నోరు ఎప్పట్లాగే తెరుచుకుని ఉంది. పెట్టె కొద్దిగా పైకెత్తాడు. ముల్లు ఇంకా లేచింది. పిల్ల తల దగ్గర వంగి నిలబడి, రెప్ప వేయకుండా చూస్తున్న సన్యాసమ్మ దవడ ముందు పెట్టె ఆగింది.

"అమ్మా, మీరేమైనా తింటున్నారా?" అన్నారు కమిషనరు గారు.

"లేదండి."

నోరు తెరవమన్నారు. తెరిచింది. ముల్లు పడిపోయింది. మూయమన్నారు. మూసింది. ముల్లు లేచింది. కమిషనరు గారి కళ్ళు మెరిశాయి. పెట్టెను హైమావతి మేడం వైపు తిప్పించారు. లేచింది. తన వెంట వచ్చిన ప్రాజెక్టు ఆఫీసరు వైపు తిప్పించారు. అక్కడ మరింత లేచింది. తిప్పుతూ తిప్పుతూ ఇంజనీరు పొరపాటున కమిషనరు గారి ఎదుటికే వచ్చేశాడు. పెట్టెలోంచి బొయ్యిమని మోత వచ్చింది. బ్యాటరీ అయిపోయినట్టుంది సార్ అని అతను చటుక్కున స్విచ్చి కట్టేశాడు.

కమిషనరు గారు అక్కడే, నిద్రపోతున్న పిల్లల మధ్య నిలబడి, గొంతు తగ్గించి ఉపన్యసించారు. "మిత్రులారా, ఇది చారిత్రక దినం. ఈ కేంద్రంలోని బాలలు నూటికి నూరు శాతం శాంతించారు. ఘర్షణ పిల్లల నుంచి క్షేత్రస్థాయి సిబ్బందికి బదిలీ అయినట్లుగా మన పరికరం రుజువు చేసింది. ఆ బదిలీ ఉత్తర్వులు మనం ఇవ్వకపోయినా, మన కృషి వల్లనే జరిగింది."

పది రోజుల్లో మూడో సర్క్యులరు వచ్చింది. బాలల్లో ఘర్షణ సంపూర్ణంగా నిర్మూలించబడినందున పిల్లలందరికీ గుడ్డు, పాలు, అరటిపండు నిలిపివేయడమైనది. ఘర్షణ సంక్రమించిన సిబ్బందికి, నిర్ధారణ పరీక్ష అనంతరం, రోజుకొక గుడ్డు, గ్లాసు పాలు, అరటిపండు మంజూరు చేయడమైనది. మండలంలో ఉన్న టీచర్లూ ఆయాలూ అందరూ పరీక్షకు వెళ్ళారు. ఒక్కరు కూడా తప్పలేదు. ఎవరూ అరుగుల మీద కూర్చుని నేర్చుకోవలసిన అవసరం కూడా రాలేదు. మొదటి సర్క్యులరు నుంచి మూడో సర్క్యులరు దాకా చదివిన వాళ్ళకి ఆ విద్య దానంతటదే పట్టుబడింది.

దుక్కలవలస కేంద్రానికి రోజూ రెండు గుడ్లు రావడం మొదలైంది. పైడితల్లి తన గుడ్డును సన్నగా తరిగి పదిహేడు మంది పప్పులో కలిపేసేది. ఒక్కొక్కరికి వచ్చేది వాసన పాటే. లోహిత్ మాత్రం అది కూడా ఏరి పక్కన పెట్టేవాడు. సన్యాసమ్మ తన గుడ్డును ఒక మూల కొద్దిగా కొరికి, ఫొటో దిగి, టిక్కు పడ్డాక, మిగతాది ముత్యాలు కంచంలో పెట్టేది. మొదటి రోజు గున్నమ్మకు కబురు పెట్టి పిలిపించి మరీ సర్క్యులరు చదివి వినిపించింది. గున్నమ్మ నల్లబడ్డ వేళ్ళతో ఆ కాగితం మీది ముద్ర తడిమి చూసింది.

"ఇది గవర్నమెంటు గుడ్డేనా?" అంది.

"గవర్నమెంటుదే. ముద్ర సూడు."

"మరైతే తిననీ," అంది గున్నమ్మ, కొంగుతో కళ్ళు ఒత్తుకుని పనికి వెళ్ళిపోయింది.

నెల తర్వాత బరువు చూస్తే నాలుగువందలు పెరిగింది. ఆ వారంలోనే హైమావతి మేడం ఫోను చేసింది. సిబ్బందిలో కూడా నెలాఖరుకు సగం మంది శాంతించాలని పైనుంచి ఒత్తిడి ఉందట. తనైతే ఎలాగోలా శాంతిస్తానంది. సన్యాసమ్మకు ఇంకా తగ్గలేదా అని అడిగింది.

"తగ్గలేదు మేడం."

"ఇంకెన్నాళ్ళు పట్టొచ్చు?"

సన్యాసమ్మ గోడ మీద చార్టు చూసింది. పసుపు పట్టీ నడిమికి వచ్చిన చుక్కనీ, పైన ఆకుపచ్చ పట్టీనీ చూసింది. "ఇంకో కేజీ పట్టుద్ది మేడం," అంది. ఆ కేజీ ఎవరిదో అవతల మేడంకి అర్థమైంది. ఆ చార్టులు చూసి చూసి పండిన మనిషే కదా. సరే, నీ కేసు దీర్ఘకాలికమని రాస్తానులే అని ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే సిబ్బందికి మళ్ళీ యాప్ పరీక్ష, పది సెకన్లు కొరక్కపోతే గుడ్డు ఆగిపోతుంది. పిల్లలంతా అన్నాలు తిని పడుకున్నారు. సన్యాసమ్మ కూడా వాళ్ళ మధ్యే చాప పరుచుకుని, చెంప పక్కన జానెడు దూరంలో ఫోను పెట్టుకుని కళ్ళు మూసుకుంది. రెండు రోజులుగా మనసు కాస్త తేలిగ్గా ఉంది. దవడ నొప్పి కూడా తగ్గినట్టుంది. కళ్ళు మూసుకోగానే నిజంగానే నిద్ర ముంచుకొచ్చింది, నోరు తెరుచుకోబోయింది.

ఎవరో భుజం తట్టి లేపారు. ముత్యాలు. మూతికి గుడ్డు పచ్చసొన అంటుకుని ఉంది. ఈ పది సెకన్లు ఎందుకో, దీని వెనకాల ఏముందో ఆ పిల్లకి పూర్తిగా తెలుసు. కింది దవడ ముందుకు పెట్టి, వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని తనకు నేర్పినట్టే, పక్కకు జరిపి చూపించింది.

"నిద్దరోకు టీచరమ్మా," అంది చెవిలో. "కొరుకు."